ఆటల మాటల్లో పీటీఎస్‌డీ: ఇంటిల్లిపాదికీ చిట్కాలు

ప్రాణం మీదికొచ్చిన గండం దాటిపోయాక కూడా ఒళ్లు ఇంకా ఆ గండంలోనే ఉన్నట్టు నడుచుకుంటుంటే, నెల దాటినా అది తగ్గక రోజువారీ పనులకు అడ్డం పడుతుంటే డాక్టర్లు దాన్ని పీటీఎస్‌డీ అంటారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ఈ పేరుతో దాన్ని జబ్బుల జాబితాలో చేర్చింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల అవస్థ అందుకు ఒక పెద్ద కారణం. దాంతో ఇది సైనికుల జబ్బని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. కానీ రోడ్డు ప్రమాదంలో బతికి బయటపడ్డవాళ్లకూ, ఇంట్లోనే దెబ్బలు తిన్న ఆడవాళ్లకూ, లైంగిక దాడికి గురైన పిల్లలకూ, వరదలో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకూ ఇది రావచ్చు.

మా తమ్ముడికి హైవే మీద జరిగిన కారు ప్రమాదం తర్వాత వచ్చింది. "ఏమైందిరా?" అని ఎవరడిగినా ఆ రాత్రి సంగతి మొదట్నుంచి చెప్పాల్సి వచ్చేది. చెప్పిన ప్రతిసారీ వాడి చేతులు చల్లబడేవి. చెప్పకపోతే ముభావంగా ఉంటున్నాడని చుట్టాలు అనేవారు. వాడి నోట్లో రోజూ నానే ఆటల మాటలు అందుకున్నాక ఈ చిక్కు విడింది. ఆ రాత్రి ఊసెత్తకుండానే, ఇప్పుడు తనకెలా ఉందో చెప్పగలుగుతున్నాడు. కింది చిట్కాలు అందుకోసమూ, ఇంట్లోవాళ్లు తోడుగా ఏం చేయాలో చెప్పడానికీ.

1. ఎవరి ఆట ఏదో ముందు చూసుకోండి

తమ్ముడిది బీజీఎంఐ, ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట. అమ్మకు ఆ పేరు చెబితేనే చిరాకు, కానీ మధ్యాహ్నం భోజనాలయ్యాక క్యాండీ క్రష్ ఆడకుండా కునుకు తీయదు. అమ్మమ్మకు ఫోన్ ఎత్తడం, పెట్టేయడం తప్ప ఏమీ రాదు. అష్టాచెమ్మా అంటే మాత్రం గవ్వలు ముందు తనే అందుకుంటుంది. ఒకే పోలికతో ముగ్గురికీ చెప్పబోతే ఒక్కరికే అర్థమవుతుంది. కాబట్టి వినేవాళ్లకు బాగా అలవాటైన ఆటలోంచే మాట తీసుకోండి.

ఏ మాట వాడాలో తేల్చాల్సింది మాత్రం బాధపడుతున్న మనిషే. కాల్పులో, దాడో చూసినవాళ్ల దగ్గర తుపాకుల ఆట ఊసు తేకండి. లూడో చాలు. ఆటలంటేనే గిట్టనివాళ్లను వదిలేయండి.

2. చెవులు అడుగుల చప్పుడు మీదే ఉన్నాయని గుర్తుపెట్టుకోండి

బీజీఎంఐలో ఆడే చోటు కుంచించుకుపోతూ చివరి జోన్ చిన్నదయ్యేసరికి ఆడేవాళ్లంతా కబుర్లు ఆపేస్తారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కళ్లు తెర మూలనున్న మినీమ్యాప్ మీద. దగ్గర్లో ఎవరైనా నడిస్తే అక్కడ అడుగుల గుర్తు పడుతుంది. "ఫుట్‌స్టెప్స్ రా, మాట్లాడకండి" అంటారు. ఆ క్షణంలో వెనక నుంచి వెళ్లి "అన్నం తిన్నావా?" అని భుజం తట్టి చూడండి, ఎగిరిపడి కసురుకుంటారు. పొగరెక్కి కాదు, ప్రాణమంతా చెవుల్లో పెట్టుకుని ఉన్నారు గనక.

పీటీఎస్‌డీ ఉన్నవాళ్లకు ఆ చివరి జోన్ పొద్దున లేచింది మొదలు నడుస్తూనే ఉంటుంది. ప్రమాదాన్ని పసిగట్టడానికి మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ఉంది. అది అయినదానికీ కానిదానికీ హెచ్చరిక చేస్తుంటుంది. "అది అప్పటి సంగతి, ఇప్పుడేమీ లేదు" అని దానికి సర్దిచెప్పాల్సిన భాగాల మాట సరిగ్గా చెల్లదు. పెళ్లికి వెళ్తే తమ్ముడు గోడకు వీపు ఆనించి, గుమ్మం కనిపించేలా కూర్చుంటాడు. బంతి మధ్యలో కుర్చీ వేస్తే వాడికి ముద్ద దిగదు.

ఇంట్లో చేయాల్సినవి చిన్నవే. దగ్గరికి వచ్చేముందు పేరు పెట్టి పిలవండి. మిక్సీ వేసేముందు "మిక్సీ వేస్తున్నా నాన్నా" అనండి. కుక్కర్ పెట్టినప్పుడు ఆ సంగతి చెప్పండి. చుట్టాలను బెల్లు కొట్టేముందు ఫోన్ చేయమనండి. హోటల్‌కి వెళ్తే గోడవార కుర్చీ వాళ్లకు వదలండి. ఉలిక్కిపడితే నవ్వకండి, పిల్లలను కూడా నవ్వనివ్వకండి.

3. పొద్దున్నే లైఫ్‌లు ఎన్నో అడగండి

క్యాండీ క్రష్‌లో 5 లైఫ్‌లు. అయిపోతే ఒక్కోటి రావడానికి 30 నిమిషాలు ఆగాలి. తొందరపడి స్క్రీన్ ఎంత నొక్కినా రాదు. "బ్యాంకుకెళ్లి వచ్చావంతే కదా, దానికే అంత నీరసమేంటి?" అని అమ్మ అడిగితే తమ్ముడు ఆమె ఫోనే తీసి చూపించాడు. "లేచేసరికే నాకు రెండున్నాయమ్మా. నిద్ర లేక రాత్రే మూడు పోయాయి. ఆటో ఎక్కినందుకు ఒకటి, జనం మధ్య క్యూలో నిలబడ్డందుకు ఒకటి. ఇంకేం మిగిలాయి?"

ఇప్పుడు కాఫీ గ్లాసు చేతికిస్తూ "ఇవాళ ఎన్నిరా?" అంటుంది అమ్మ. వాడు వేళ్లు చూపిస్తాడు. రెండు వేళ్లు చూపిన రోజు ఇంట్లో ఎవరూ ప్రయాణం మాట ఎత్తరు. వాడు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు, ఆమె గుచ్చి గుచ్చి అడగనక్కర్లేదు.

ఓపికను ఇలా లెక్కగట్టి చెప్పడం జబ్బుపడ్డవాళ్లు ఎప్పట్నుంచో చేస్తున్నదే. లూపస్‌తో బాధపడుతున్న అమెరికన్ రచయిత్రి క్రిస్టీన్ మిసెరాండినో స్పూన్ల లెక్కతో తన రోజును స్నేహితురాలికి ఎలా వివరించిందో 2003లో రాసింది. ఆ లెక్క దేశదేశాల్లో వాడుకలోకి వచ్చింది. ఇక్కడ ఒక జాగ్రత్త: "నిన్న నాలుగన్నావు, ఇవాళ ఒకటేంటి?" అని నిలదీశారంటే మర్నాటి నుంచి నిజం చెప్పరు.

4. బదులు ఆలస్యమైతే లాగ్ అనుకోండి

పీటీఎస్‌డీ ఉన్నవాళ్లు ఒక్కోసారి పిలిస్తే పలకరు. చెప్పింది మరిచిపోతారు. కళ్లు తెరిచే ఉన్నా మనిషి అక్కడ లేనట్టుంటారు. ఆటలో నెట్ నెమ్మదించి లాగ్ వచ్చినప్పుడు బటన్ పదిసార్లు నొక్కితే ఇంకా ఇరుక్కుంటుంది కదా, అందుకని ఒక్కసారి చెప్పి ఆగండి. మందుల వేళలు, బిల్లు కట్టాల్సిన తేదీలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి.

5. ఇంట్లో ఒక ఇంటూ గడి పెట్టండి

ఇది అమ్మమ్మ ఆటలోది. అష్టాచెమ్మాలో ఇంటూ మార్కు వేసిన గడిలో ఉన్న కాయను ఎవరూ చంపలేరు. ఇంట్లోనూ అలాంటి చోటు ఒకటి ఉండాలి. గదే అక్కర్లేదు, బాల్కనీలో కుర్చీ అయినా సరే, పెరట్లో మెట్టు అయినా సరే. అక్కడ కూర్చున్న మనిషిని ప్రశ్నలు అడగకూడదు, తగాదా తేకూడదు, వార్తలు మోసుకెళ్లకూడదు. ఈ నియమం ఇంటికొచ్చిన చుట్టాలకూ వర్తిస్తుంది. పెద్దవాళ్ల నోట చెప్పిస్తే ఇంకా బాగా చెల్లుతుంది. మా ఇంట్లో అమ్మమ్మే చెబుతుంది.

అయితే అమ్మమ్మే ఇంకో మాట కూడా అంది: "ఇంటూ గడిలోనే కూర్చుంటే కాయ పండదురా." డాక్టర్లు చెప్పేదీ ఇదే. భయపెట్టే ప్రతిదాన్నీ తప్పించుకుంటూ పోతే అప్పటికి హాయిగా ఉంటుంది, భయం మాత్రం ముదురుతుంది. కారెక్కడం మానేసినవాళ్లు కొన్నాళ్లకు బస్సూ మానేస్తారు, ఆపైన వీధి దాటడానికే వెనకాడతారు. ఆ గడి కాసేపు ఆగడానికి, ఉండిపోవడానికి కాదు. ఎప్పుడు కదలాలన్నది బయటివాళ్లు తోసి చెప్పేది కాదు గానీ, కదలాలన్న మాట ఇంట్లో అప్పుడప్పుడు వినిపించాలి.

6. మ్యాప్‌లో పోచింకి ఎక్కడుందో ముందే గుర్తుపెట్టండి

బీజీఎంఐ ఆడేవాళ్లకు మ్యాప్‌లోని పోచింకి ఊళ్లో దిగితే గొడవ తప్పదని తెలుసు. దిగాలనుకుంటే సిద్ధపడి దిగుతారు. అలాగే ఏ చోట్లు, ఏ వాసనలు, ఏ చప్పుళ్లు ఆ పాత సంఘటనను లేపుతాయో మనసు తేలిగ్గా ఉన్న రోజున కూర్చుని రాసుకోండి. మా తమ్ముడి జాబితాలో డీజిల్ వాసన, రాత్రిపూట ఎదురుగా కొట్టే హెడ్‌లైట్లు, బ్రేకు వేసినప్పటి కీచుమనే చప్పుడు, సినిమాల్లో కార్లు పల్టీకొట్టే దృశ్యాలు ఉన్నాయి. కొన్ని మాకు తట్టనే తట్టవు. ప్రమాదమప్పుడు కారులో నడుస్తున్న పాట కూడా అందులో ఉంది. అది ఏ టీ కొట్టు దగ్గరైనా వినిపించవచ్చు.

అన్నింటినీ ఇంట్లోంచి తీసేయడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. ముందే తెలియడమే సగం మేలు. సినిమాకు వెళ్లేముందు అందులో ప్రమాదం ఉందో లేదో చూసినవాళ్లను అడగండి. దీపావళికి నాలుగు రోజుల ముందే పక్కింటివాళ్లకు చెప్పి, బాంబులు ఏ వేళకు కాలుస్తారో కనుక్కోండి. ఆ వేళకు తలుపులు వేసుకుని ఫ్యాన్ పెద్దది చేసుకుని అందరూ ఒక గదిలో ఉండొచ్చు.

7. నాక్ అయితే ముందు స్మోక్ వేయండి, తర్వాతే రివైవ్

ఈ చిట్కా తమ్ముడే చెప్పాడు. నాకు అన్నింటికంటే పనికొచ్చింది ఇదే. ఆటలో స్క్వాడ్‌లో, అంటే జట్టులో, ఒకడు దెబ్బ తగిలి నాక్ అయ్యి నేలమీద పాకుతుంటే, మిగతావాళ్లు ఉన్నపళంగా పరిగెత్తుకుని రారు. వస్తే ఇద్దరూ పోతారు. ముందు కనబడకుండా పొగబాంబు (స్మోక్) వేస్తారు, చుట్టూ చూస్తారు, అప్పుడు పక్కన కూర్చుని రివైవ్ ఇస్తారు, అంటే తిరిగి లేపుతారు. ఇచ్చేంతసేపూ కదలరు.

ఫ్లాష్‌బ్యాక్ వచ్చినప్పుడు మనిషికి ఆ పాత సంఘటన గుర్తురావడం కాదు, మళ్లీ జరుగుతున్నట్టే ఉంటుంది. ఊపిరి అందదు, చెమటలు పడతాయి, ఎదురుగా ఉన్నది ఎవరో కూడా తెలియకపోవచ్చు. అప్పుడు మన ఇళ్లలో జరిగేదేమిటి? నలుగురూ మూగుతారు, ఒకరు ముఖం మీద నీళ్లు చల్లుతారు, ఒకరు భుజాలు పట్టి ఊపుతారు, ఇంకొకరు దిష్టి తీయమంటారు. వాళ్ల ప్రేమను తప్పుపట్టను. కానీ ఆ చేతులు ఆ క్షణంలో దాడిలాగే అనిపిస్తాయి.

స్మోక్ అంటే: టీవీ ఆపండి. జనాన్ని అవతలి గదికి పంపండి. ఒక్కరే ఉండండి. తలుపుకు అడ్డంగా నిలబడకండి.

రివైవ్ అంటే: రెండడుగుల దూరంలో, వాళ్లు ఏ ఎత్తులో ఉంటే ఆ ఎత్తులో కూర్చోండి. గొంతు పెంచకుండా "నేను అక్కని. ఇది మన ఇల్లు. ఇవాళ బుధవారం. కారు లేదు, రోడ్డు లేదు" అని చెప్పండి. మళ్లీ అవే మాటలు చెప్పండి. కాస్త తెప్పరిల్లాక, కనిపించే 5 వస్తువులు, తాకగలిగే 4, వినిపించే 3, వాసన తెలిసే 2, రుచి తెలిసే 1 చెప్పించండి. మానసిక సలహాదారులు చాలాకాలంగా నేర్పుతున్న పద్ధతే ఇది. చేతిలో చల్లటి స్టీలు గ్లాసు పెట్టినా పనిచేస్తుంది, ముందు అడిగి పెట్టండి. కుర్రాళ్లకు 2018లో వచ్చిన సెలెస్ట్ ఆట తెలిసి ఉంటే ఇంకా తేలిక. అందులో కథానాయిక మాడెలిన్‌కు కేబుల్ కారులో గుండెదడ వచ్చినప్పుడు, ఒక ఈకను గాల్లో తేలుస్తున్నట్టు ఊహించుకుంటూ ఊపిరి తీయడం స్నేహితుడు నేర్పుతాడు.

తగ్గాక "ఏం గుర్తొచ్చింది?" అని అడగకండి. దుప్పటి, మంచినీళ్లు, కాస్త నిశ్శబ్దం ఇవ్వండి.

8. రాత్రి కేకవేస్తే గుమ్మం దగ్గర్నుంచే పిలవండి

పీడకలలో ఉన్నవాళ్లను తట్టి లేపితే చేయి విసిరే ప్రమాదముంది. లైటు వేసి, దూరం నుంచి పేరు పెట్టి పిలిచి, మీరెవరో చెప్పండి. పూర్తిగా మెలకువ వచ్చాకే దగ్గరికి వెళ్లండి. బెడ్‌లైటు రాత్రంతా ఉన్నా నష్టం లేదు.

9. టెట్రిస్ గురించి సరిగ్గా తెలుసుకోండి

ఆటలతో జ్ఞాపకాలు చెరిగిపోతాయని వాట్సాప్‌లో ఎవరో పంపుతారు. దాని వెనక నిజం ఇంతే. ఆక్స్‌ఫర్డ్‌లోని జాన్ రాడ్‌క్లిఫ్ ఆసుపత్రి అత్యవసర విభాగంలో, రోడ్డు ప్రమాదాల నుంచి వచ్చిన 71 మందితో ఒక ప్రయోగం చేసి 2017లో ఫలితాలు ప్రచురించారు. ప్రమాదం జరిగిన 6 గంటలలోపు, ఆ సంఘటనను క్లుప్తంగా తలుచుకున్నాక టెట్రిస్ ఆడినవాళ్లకు, మొదటి వారంలో ఆ దృశ్యాలు బలవంతంగా కళ్లముందుకు రావడం తగ్గింది. రంగురంగుల ముక్కలను తిప్పి అమర్చే పనిలో బొమ్మలు ఊహించే మనసు మునిగిపోయి, ఆ దృశ్యం గట్టిగా నాటుకోదని పరిశోధకుల వివరణ. ఇది తొలి గంటల్లో, పద్ధతి ప్రకారం చేసినది. ముదిరిన పీటీఎస్‌డీకి ఇదే మందని అనుకోవద్దు.

మామూలుగా ఆడే ఆట గురించి నా అభిప్రాయం: స్నేహితులతో గంటసేపు మాట్లాడుతూ ఆడితే మంచిదే. కల వస్తుందన్న భయంతో నిద్ర మానుకుని తెల్లారేదాకా ఆడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి.

10. ఎనర్జీ డ్రింక్‌తో మ్యాచ్ నెగ్గలేరు

బీజీఎంఐలో ఎనర్జీ డ్రింక్ తాగితే శక్తి చూపే బార్ కాసేపు పెరిగి మళ్లీ పడిపోతుంది. మద్యం, మందుల షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలు కూడా అంతే. మద్యం నిద్రను ఇంకా చెడగొడుతుంది. నిద్రమాత్రలు, కంగారు తగ్గించే బిళ్లలు అలవాటుగా మారతాయి, జబ్బు అలాగే ఉంటుంది.

పనిచేసే వైద్యం ఉంది. పాత సంఘటన మీదే దృష్టి పెట్టే మాటల చికిత్సలకు మంచి ఆధారాలున్నాయి. వాటిలో ఒకటి ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్. ఇందులో సాధారణంగా వారానికొకసారి చొప్పున 8 నుంచి 15 సార్లు కలుస్తారు. తమ్ముడు దీన్ని ట్రైనింగ్ గ్రౌండ్ అంటాడు. మొదట ఆగి ఉన్న కారులో కూర్చోవడం, తర్వాత మన వీధిలో ఒక చుట్టు, ఆ తర్వాత పగటిపూట పెద్ద రోడ్డు. మెట్లు ఎలా పెట్టాలో థెరపిస్టు తేలుస్తారు. "భయం పోతుంది రా" అంటూ బావగారో మామయ్యో నేరుగా ప్రమాదం జరిగిన చోటికి తీసుకెళ్లడం చికిత్స కాదు. ఈఎండీఆర్ అనేది ఇంకో పద్ధతి. మందుల్లో సెర్ట్రలిన్, పారోక్సెటిన్ లాంటివి వాడతారు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, చెప్పకుండా మానేయకూడదు.

ఎక్కడికెళ్లాలో తెలియకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. ఎర్రగడ్డ పేరు సినిమాల్లో వెక్కిరింతగా వినీ వినీ చాలామంది జంకుతారు. అక్కడికి వెళ్లినవాళ్లు వైద్యం కోసం వెళ్లారు, సిగ్గుపడాల్సిందేమీ లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం బీమా కంపెనీలు శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి. మీ పాలసీ కాగితాలు ఒకసారి తీసి చూడండి.

11. పాము మింగినా ఆట మొదటికి రాలేదని చెప్పండి

వైకుంఠపాళిలో పాము నోట పడితే కిందికి జారతాం, కానీ గవ్వలు చేతిలోనే ఉంటాయి. నెలలు బాగుండి ఒక్కసారిగా పాత లక్షణాలు తిరిగి రావడం ఈ జబ్బులో మామూలే. ప్రమాదం జరిగిన తేదీ దగ్గరపడుతుంటే ఇలా అవుతుంది. కొందరికి తేదీ గుర్తులేకపోయినా ఒంటికి తెలుస్తుంది. క్యాలెండర్‌లో ఆ వారం చిన్న గుర్తు పెట్టుకుని, పెద్ద పనులేవీ పెట్టుకోకండి. "మళ్లీ మొదటికొచ్చావు" అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు.

12. స్క్వాడ్‌లో అందరి బారూ చూసుకోండి

రాత్రి లేచేది ఎప్పుడూ అమ్మే అయితే అమ్మ పడిపోతుంది. వంతులు వేసుకోండి. చూసుకునేవాళ్లూ 14416కు ఫోన్ చేయొచ్చు.

13. ఇవి మాత్రం వాడకండి

"లెవెల్ అప్ అవ్వు", "రీస్టార్ట్ చెయ్", "నూబ్‌లా భయపడకు" లాంటివి నోట రానీయకండి. ఆట మనం ఇష్టపడి మొదలుపెడతాం, విసుగొస్తే మూసేస్తాం. ఈ జబ్బును ఎవరూ కోరి తెచ్చుకోలేదు, మూసేసే బటన్ వాళ్ల చేతిలో లేదు. నలుగురి ముందు ఈ మాటలతో సరదా చేయకండి, అవి ఇంటి గుట్టు.

"గేమ్ ఓవర్ అక్కా", "ఇక లాగౌట్ అయిపోతా" లాంటివి విన్నప్పుడు ఆట మాటలేలే అనుకుని ఊరుకోకండి. పక్కన కూర్చుని "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, అడగడం వల్ల మనసులోది బయటికి వస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు, మాత్రల సీసాలు వాళ్లకు అందని చోట తాళం వేయండి. 14416కు చేయండి. ప్రాణానికి వెంటనే ముప్పు ఉందనిపిస్తే 112కు చేయండి, లేదా తెల్లారేదాకా ఆగకుండా దగ్గర్లోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.